నంజుండప్ప రెండొందల టార్చీలు

హిందూపురం తిప్పేస్వామి బాగుపడకూడదు. ఈ మాట నంజుండప్ప రోజుకు మూడుసార్లు అంటాడు. పొద్దున పళ్ళు తోముకుంటూ ఒకసారి, మధ్యాహ్నం సంగటి ముద్ద ముందు కూర్చుని ఒకసారి, సాయంత్రం పెనుకొండ బస్టాండు దగ్గర తన రిపేరు కొట్టు షట్టరు దించుతూ ఒకసారి. డాక్టరు రాసిచ్చిన మాత్రలు కూడా అంత వేళ తప్పకుండా ఎవరూ వేసుకోరు.

ఇద్దరూ ఏడో తరగతిలో ఒకే బెంచీ. ఒకరి లెక్క ఒకరు చూసి రాసుకుని, ఒకే తప్పుకు ఒకే బెత్తంతో దెబ్బలు తిని, ఒకే సంవత్సరం బడికి దండం పెట్టారు. ఆ తర్వాత తిప్పేస్వామి హిందూపురంలో హోల్‌సేలు అంగడి పెట్టాడు. నంజుండప్ప పెనుకొండలో స్టవ్వులు, మిక్సీలు బాగుచేయడానికి కూర్చున్నాడు. ముప్పై ఏళ్ళు తిరిగేసరికి ఒకడికి కారు వచ్చింది. ఇంకొకడికి నీళ్ళు కారే మిక్సీ జార్లు వచ్చాయి.

అసలు ఈ గొడవంతా ఒక చీరతో మొదలైంది. నంజుండప్ప భార్య శ్యామలమ్మ పెళ్ళిళ్ళకు ఓళిగలు, అదే బొబ్బట్లు, చేసి ఇస్తుంది. ఆమె అక్క ఈరక్కను ధర్మవరంలో చేనేత ఇంటికి ఇచ్చారు. ఆ ఈరక్క కూతురు మాధవీలతకు పెళ్ళి కుదిరింది. ఇంక పన్నెండు రోజులే ఉంది. శ్యామలమ్మ గోధుమపిండి డబ్బాలోంచి ఒక మూట తీసి మొగుడి చేతిలో పెట్టింది.

"పద్దెనిమిది వేలు. ధర్మవరం పోయి నాకొక పట్టుచీర తీసుకోని రా. చేతిమగ్గం. అసలు జరీ."

"మీ అక్కనే అడిగితే మగ్గం మీదనుంచే ఇస్తాది కదే?"

"ఇస్తాది. దుడ్లు మాత్రం తీసుకోదు. బిడ్డ పెళ్ళి చేసేదాని దగ్గర ఊరికే చీర తీసుకునేంత సిగ్గులేనిదాన్నా నేను? నువ్వే అంగట్లో కొను. చిలకపచ్చ రంగు, ఎర్రంచు. తెలిసిందా?"

"నాకు తెలీదా?"

"తెలీదనే కదా చెప్తాండా! పోయిన తూరి తువ్వాలు తెమ్మంటే గోనెపట్టా తెచ్చినావు. దాంతో ఒళ్ళు తుడుచుకుంటే పుట్టుమచ్చలన్నీ ఊడొచ్చినాయి."

పెనుకొండ నుంచి ధర్మవరం ఉత్తరాన, హిందూపురం దక్షిణాన ఉంటాయి. చిన్నపిల్లలకు కూడా తెలిసిన సంగతి. నంజుండప్ప ఆ మూట జేబులో పెట్టుకుని దక్షిణం బస్సు ఎక్కాడు.

ఎందుకంటే ముందు రోజే తిప్పేస్వామి ఫోన్ చేశాడు. చిన్న ఎల్‌ఈడీ టార్చీలట, వేలంత ఉంటాయట. బయట నూట యాభై రూపాయలకు అమ్మే సరుకు, రెండు వందలు ఒకే లాటుగా తీసుకుంటే సెల్లుతో సహా డెబ్బైకే ఇస్తాడట. నంజుండప్పకు లెక్కలు రావు గానీ లాభం వచ్చే లెక్కలు మాత్రం కలలో కూడా వస్తాయి. పది రోజుల్లో టార్చీలు అమ్మేస్తే ఒక చీర డబ్బుతో రెండు చీరలు కొనొచ్చు. భార్యకు ఒకటి, ఆమె నోరు మూయించడానికి ఇంకొకటి.

టార్చీలకు పద్నాలుగు వేలు పోయాయి. బస్సులకు, భోజనానికి అయిదు వందలు. మిగిలిన మూడున్నర వేలతో నంజుండప్ప అప్పుడు ధర్మవరం పోయి, చిలకపచ్చ రంగు, ఎర్రంచు చీరనే కొన్నాడు. కాకపోతే దాని జరీలో వెండి లేదు, రాగి లేదు. బంగారు రంగులో మెరిసే ప్లాస్టిక్. అంగడివాడే నిజాయితీగా చెప్పాడు. "దూరం నుంచి చూస్తే తెలీదన్నా. దగ్గరకు మాత్రం రానీయొద్దు."

ఈ చీర పది రోజులకు మాత్రమే. టార్చీలు అమ్ముడుపోగానే అసలు చీర కొని, బీరువాలో దీన్ని తీసి దాన్ని పెట్టేస్తాడు. అదీ పథకం. పథకం తప్పిందంటే మాత్రం శ్యామలమ్మ ఆ ప్లాస్టిక్ కట్టుకుని మగ్గాల మధ్య పుట్టి పెరిగిన ఆడవాళ్ళ నడుమ నిలబడాలి. వాళ్ళు చీరను చూడరు. రెండు వేళ్ళతో పట్టుకుంటారు. అంతే, ఆమె పరువు పోతుంది.

ఆ సాయంత్రం శ్యామలమ్మ చీరను భుజం మీద వేసుకుని అద్దం ముందు అటు తిరిగింది, ఇటు తిరిగింది. పదేళ్ళుగా ఊరి పెళ్ళిళ్ళకు ఓళిగలు తట్టిన చెయ్యి ఆ అంచును మెల్లగా నిమిరింది.

"బాగుండాదయ్యా. నీకు ఇంత తెలివి ఉండాదని నేను అనుకోలే" అంది.

ఇరవై ఏడేళ్ళ కాపురంలో భార్య తనను మెచ్చుకున్నది ఇదే మొదటిసారి. అది కూడా దొంగ చీరకు. నంజుండప్ప తినేసినవాడిలా లేచి చెయ్యి కడుక్కున్నాడు. అప్పటికి ఇంకా సంగటి పెట్టలేదు కూడా.

మరునాడు కొట్లో పెట్టె విప్పాడు. ఒక టార్చి తీసి వెనక బొత్తాం నొక్కాడు. టక్కుమంది, వెలగలేదు. ఇంకొకటి. టక్కుమంది, వెలగలేదు. ఇరవై టార్చీలు నొక్కాడు. ఇరవైసార్లు చక్కగా టక్కుమన్నాయి. తిప్పేస్వామికి ఫోన్ చేశాడు.

"ఏమప్పా తిప్పేసామీ, టార్చీలు వెలగడంల్యా!"

"పగలు కదప్పా, నీకు తెలీడంలేదులే."

"పగలైతే ఏమి, వెలిగితే కనపడదా?"

"సెల్లు ఏసినావా?"

"ఏసినా."

"స్విచ్చి ఒత్తినావా?"

"లేదు, దండం పెట్టినా! ఒత్తకుండా ఎట్ల తెలుస్తాది?"

"అయితే ఇంకో నాలుగుసార్లు ఒత్తు. కొత్త స్విచ్చి కదా, సిగ్గుపడతాది."

"వాపసు తీసుకో."

"లాటు సరుకు వాపసు లేదబ్బా. నీ చేతిలో పని ఉండాది, బాగుచేసుకో. నీకు తెలీని రిపేరా?"

ఆ చివరి మాటతో నంజుండప్ప పొంగిపోయాడు. ఫోన్ పెట్టేసిన అయిదు నిమిషాలకు గానీ తాను పడింది పొగడ్తలో కాదు, గుంటలో అని తెలియలేదు.

టార్చీలను ఇంటికి మోసుకొచ్చి వసారాలో పరిచాడు. "తిప్పేస్వామి రిపేరుకు ఇచ్చినాడు, ఒక్కోదానికి పది రూపాయల కూలి" అని భార్యకు అబద్ధం చెప్పాడు. శ్యామలమ్మ ఒక టార్చి చేతిలోకి తీసుకుంది.

"ఇంతలేసి టార్చీలు ఎవరు కొంటారయ్యా? ఫోన్లోనే లైటు ఉండాది కదా?"

"ఫోన్ నోట్లో పెట్టుకోని మోటారు ఫీజు వేయగలరా? ఇది పెట్టుకోవచ్చు."

"నీ నోట్లో పెట్టుకో. ఆ కాసేపన్నా ఇంట్లో సద్దుండదు."

రిపేరులో నంజుండప్ప పద్ధతి తెలిసినవాడే. వెనక మూత తీశాడు. సెల్లు వెనకభాగానికీ గొట్టం అంచుకూ ఒక చిన్న తీగముక్క ఆనించాడు. టార్చి భగ్గున వెలిగింది. అంటే బల్బు మంచిదే, సెల్లు మంచిదే, మూతలో ఉన్న స్విచ్చే దొంగ. కరెంటు సెల్లు వెనకనుంచి స్ప్రింగులోకి, స్ప్రింగు నుంచి స్విచ్చిలోకి, స్విచ్చి నుంచి గొట్టంలోకి పోవాలి. ఆ మూతలో స్విచ్చిని పట్టి ఉంచే రింగు ఒకటి ఉంటుంది. అది వదులైతే టక్కుమంటుంది గానీ అవతలికి అందదు.

సన్నని పట్టకారు ముక్కులు రింగు గుంటల్లో పెట్టి బిగించాడు. వెలిగిందా లేదా చూడ్డానికి ఎండ అడ్డం. అందుకని గొర్రెబొచ్చు కంబళి ఒకటి నెత్తిమీదనుంచి కప్పుకున్నాడు. పెనుకొండలో మిట్టమధ్యాహ్నం, కంబళి కింద మనిషి. ఒక్కో టార్చి నొక్కడం, లోపల "వెలిగె!" అని అరవడం, లేదంటే తిప్పేస్వామిని తలుచుకోవడం.

పక్కింటి యమున టైలరు. జాకెట్టు కొలతకు వచ్చి, వసారాలో కదులుతున్న కంబళిని చూసి నిలబడిపోయింది.

"శ్యామలక్కా, అన్నకు చలిజ్వరమా?"

"కాదమ్మా, టార్చి జ్వరం. చెమట పట్టి దిగేదాకా తగ్గదు."

రింగు బిగిస్తే వెలిగినవి పాతిక. మిగతావాటిలో స్ప్రింగు పొట్టిది, సెల్లును అందుకోదు. దాని కింద ఏదైనా లోహం పెట్టాలి. నంజుండప్ప ఇల్లంతా వెతికాడు. మొదటి రోజు శ్యామలమ్మ తలపిన్నులు మాయమయ్యాయి. రెండో రోజు పిన్నీసులు పోయాయి. మూడో రోజు ఆమె బీపీ మాత్రల అట్టల వెనక రేకు కూడా పోయింది.

"ఏమయ్యా, మాత్రలన్నీ ఒకే గిన్నెలో పోసినావే! ఏది పొద్దునది, ఏది సాయంత్రానిది?"

"తెల్లవి పొద్దునివి, ఎర్రవి సాయంత్రానివి."

"అన్నీ తెల్లవే!"

"అయితే అన్నీ పొద్దునివే అయ్యుంటాయి."

"నీకు బుద్ధి వచ్చే మాత్ర దీంట్లో ఏదైనా ఉంటే చెప్పు, రెండు పూటలా నేనే వేస్తా."

ఎలాగో నలభై వెలిగాయి. కొత్తచెరువులో బస్సులు ఆగే చోట గోనెపట్టా పరిచి నలభై అమ్ముకొచ్చాడు. పొద్దునే పోయి మధ్యాహ్నానికే అమ్మేశాడు, సాయంత్రానికి వాపసు తీసుకున్నాడు. ఒక రైతు టార్చి అరచేతిలో పెట్టుకుని నిలదీశాడు.

"ఏమబ్బా, నొక్కితే వెలగదు. నేలకేసి కొడితే వెలుగుతాది. జేబులో పెట్టుకుంటే దానంతట అదే వెలుగుతాది. ఇది టార్చా, మా బావమరిదా?"

పిన్ను కదిలితే కరెంటు కట్టు, రేకు నలిగితే కరెంటు కట్టు, బిగించిన రింగు మళ్ళీ వదులైతే కరెంటు కట్టు. నలభైకి నలభై తిరిగొచ్చాయి. డబ్బులు తిరిగిచ్చేశాడు. తెల్లారేసరికి పెళ్ళికి ఇంక అయిదు రోజులే ఉంది. బీరువాలో చిలకపచ్చ చీర మెరుస్తూనే ఉంది.

ఆ మధ్యాహ్నం శ్యామలమ్మ పనులు ముగించుకుని వసారాలోకి వచ్చి మొగుడి ఎదురుగా చాప వేసుకుంది. మనిషి సగమైపోయాడని జాలేసింది పాపం.

"ఇట్లియ్యి, నేనూ ఒక చెయ్యి వేస్తా. ఎట్ల చూడాల?"

నంజుండప్ప గురువుగారి ఫోజు పెట్టాడు. మూత తీసి చూపించాడు. "సెల్లు వెనకనుంచి ఈ అంచుకు లోహం ఏదన్నా ఆనించు. వెలిగితే స్విచ్చి దొంగ."

"లోహం యాడుండాది? ఇంట్లో పిన్నీసు కూడా మిగలనీలే కదా నువ్వు! జాకెట్టుకు తుమ్మముల్లు పెట్టుకునే గతి పట్టించినావు." కాసేపు ఆలోచించింది. "వెండికి కరెంటు పారుతాదా?"

"ఏమి మాట అది! రాగికన్నా బాగా పారుతాది. వెండిని మించింది లేదు." తెలిసినది ఒకటి అడిగేసరికి నంజుండప్ప ఛాతీ విప్పారింది.

"అయితే ఉండు."

లోపలికి పోయి చిలకపచ్చ చీర పట్టుకొచ్చింది. నంజుండప్ప ఛాతీ వచ్చినంత వేగంగానే లోపలికి పోయింది.

"అది ఏంటికే?"

"కొంగుకు ఎట్లాగూ కుచ్చులు కట్టాల. చివర పోగులు ఊరికే వేలాడతాండాయి. అసలు జరీ అంటే వెండే కదా? ఒక పోగు తీస్తే నీ పని అయితాది."

"వద్దొద్దు! పాడైపోతాది!"

"పోగుకు పోగు లెక్కా? కట్టుకున్నదాన్ని నేను, నీకెందుకంత?"

అంచు దగ్గర నాలుగు జరీ పోగులు పేనింది. సెల్లు వెనక ఒక కొస, గొట్టం అంచుకు ఒక కొస ఆనించి బొటనవేలితో నొక్కింది.

టార్చి వెలగలేదు.

"ఇది పూర్తిగా చెడింది" అన్నాడు నంజుండప్ప, ఊపిరి తీసుకోకుండా.

ఇంకొకటి తీసింది. వెలగలేదు. "అది కూడా చెడిందే." ఇంకొకటి. "దాని సంగతి నాకు ముందే తెలుసు." పది టార్చీలు చూసింది. పదీ చెడిపోయాయన్నాడు. తిప్పేస్వామిని కూడా ఈ ఊపులోనే నాలుగు తిట్టాడు. ఒళ్ళంతా చెమట. ఈసారి కంబళి కూడా లేదు.

శ్యామలమ్మ మళ్ళీ లోపలికి పోయింది. ట్రంకుపెట్టె అడుగు నుంచి తన పెళ్ళినాటి చీర తెచ్చింది. రంగు వెలిసి, మడతల దగ్గర చిరుగులు పట్టిన చీర. దాని కొంగు చివరి పోగు అదే టార్చికి ఆనించింది.

టార్చి వెలిగింది. శ్యామలమ్మ ముఖం మీదకే వెలిగింది.

"ఇది వెలిగిందే!"

"అది... పాత వెండి కదా" అన్నాడు నంజుండప్ప. "పాతదానికి అలవాటు ఎక్కువ."

"కొత్తదానికి?"

"కొత్తది కదా, సిగ్గుపడతాది."

శ్యామలమ్మ ఆ టార్చిని చూసింది. పాత చీరను చూసింది. కొత్త చీరను చూసింది. చివరికి మొగుడిని చూసింది. "ఓహో" అంది. చీరలు మడత పెట్టుకుని లోపలికి వెళ్ళిపోయింది.

ఇరవై ఏడేళ్ళలో శ్యామలమ్మ "ఓహో" అన్నది మూడేసార్లు. మొదటిసారి అన్నప్పుడు నంజుండప్ప చీట్లపేక మానేశాడు. రెండోసారి అన్నప్పుడు బీడీ మానేశాడు. మూడోది ఇది. కానీ ఆ రోజు ఆయన కళ్ళు లోపలికి పోతున్న చీర మీదే ఉన్నాయి, ఆ మాట చెవికి ఎక్కనేలేదు. తప్పించుకున్నాననే అనుకున్నాడు.

మరునాడు కొట్టుకు యమున వచ్చింది.

"అన్నా, ఎవురో పాత టార్చీలు కొంటారంట. తుక్కు కింద. ఒక్కోటి ఎనిమిది రూపాయలు."

"ఎనిమిదా! డెబ్బై పెట్టి కొ... డెబ్బై చేసే సరుకమ్మా ఇది. అరవై ఇమ్మను."

"వెలుగుతాయా?"

నంజుండప్ప కొట్టు పైకప్పు చూశాడు. "యాభై."

"ఎనిమిది. ఇంకో మాట, వెనక మూతలు వద్దంట. అవి నువ్వే పెట్టుకోమన్నారు."

"మూత లేకుండా టార్చి ఏమి చేసుకుంటారు?"

"నాకేమి తెలుసన్నా? తుక్కు కొనేవాళ్ళకు ఎన్నో ఉంటాయి."

ఇంట్లో శ్యామలమ్మ సంతకు పోయిన సమయం చూసి రెండు వందల టార్చీలు యమున సంచిలో పోశాడు. పదహారు వందలు లెక్క పెట్టి ఇచ్చింది. రెండు వందల మూతలు నంజుండప్పకు మిగిలాయి. ఆ డబ్బుతో అసలు జరీ చీరలో జానెడు గుడ్డ కూడా రాదు. మధ్యాహ్నం శ్యామలమ్మ సంగటి వడ్డిస్తూ అడిగింది.

"తిప్పేస్వామి టార్చీలు యాడ పోయినాయి?"

"వచ్చి తీసుకోని పోయినాడు."

"కూలి ఇచ్చినాడా?"

"ఇస్తాడులే."

"మంచోడు పాపం" అంది శ్యామలమ్మ. కూర ఇంకో గరిటె వేసింది.

ఇక చీర మార్చే దారి మూసుకుపోయింది. భార్య ఆ చీర కట్టకుండా చేయడం ఒక్కటే దారి. ఆ రోజంతా అదే పనిగా ఉన్నాడు.

"ఈ ఎండకు పట్టుచీర ఏంటికే? ఉక్కపోస్తాది."

"కంబళి కప్పుకున్నోనివి నువ్వా ఆ మాట అనేది?"

"చిలకపచ్చ నీ రంగుకు అంత నప్పదేమో."

"నేనే చెప్పిన రంగు. నప్పకపోతే నా తప్పు."

"ఆ పాత చీర ఉండాదే, మీ అమ్మ పెట్టింది. అదైతే..."

"కొంగు చిరిగుండాది. పెళ్ళిలో అందరూ కొంగు పట్టుకోని చూస్తారు. ధర్మవరం వాళ్ళ సంగతి నీకు తెలుసు కదా?"

తెలుసు. తెలిసే ఆయన నిద్రాహారాలు పోయాయి. శ్యామలమ్మ మాత్రం అక్కకు సాయం చేయాలని మూడు రోజులు ముందుగానే యమునను తోడు తీసుకుని ధర్మవరం బస్సెక్కింది. చీర సంచి ఒళ్ళో పెట్టుకుని కిటికీలోంచి చెయ్యి ఊపింది. నంజుండప్పకు ఆ చెయ్యి మెడ పట్టుకున్నట్టే అనిపించింది.

పెళ్ళిరోజు పొద్దున నంజుండప్ప ధర్మవరం చేరాడు. కల్యాణమంటపం ముందు చెప్పులు విడుస్తుండగానే లోపల ఏదో మెరిసింది. ఫోటోలవాడేమో అనుకున్నాడు. మళ్ళీ మెరిసింది. ఇంకోవైపు ఇంకొకటి. లోపలికి అడుగుపెట్టి అక్కడే నిలబడిపోయాడు.

మంటపం నిండా ఆడవాళ్ళు. ప్రతి ముగ్గురిలో ఒకరి చేతిలో వేలంత టార్చి. వెనక మూత లేదు. సెల్లు జారకుండా వెనక ఒక రబ్బరు బ్యాండు మాత్రం ఉంది. ఒకామె ఇంకొకామె కొంగు పట్టుకుని, చివరి జరీ పోగును ఆ రబ్బరు బ్యాండు కిందికి దూర్చి గట్టిగా నొక్కుతోంది. టార్చి వెలిగితే అరుపులు, నవ్వులు. వెలగకపోతే ఒక్కసారిగా నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దంలో అందరూ ఆ చీర కొనిచ్చిన మగాడి కోసం వెతుకుతున్నారు.

అటువైపు నల్లమ్మ అనే ఆమె చీర వెలగలేదు. ఆమె భర్త రాఘవేంద్ర స్తంభం చాటుకు పోతుంటే పట్టుకుంది.

"ఇరవై రెండు వేలు అన్నావు కదప్పా!"

"అంగడోడు అట్లే అన్నాడే!"

"బిల్లు చూపించు!"

"బిల్లు... ఇంట్లో ఉండాది."

"సరే, ఇంటికి పోదాం నడువు. భోజనం వద్దు!"

పంతులుగారు మంత్రం ఆపి రెండుసార్లు మైకులో చెప్పారు. "అమ్మా, సుముహూర్తం దగ్గర పడింది, దయచేసి దీపాలు ఆర్పండి." ఎవరూ ఆర్పలేదు. ఆర్పడానికి వాటికి స్విచ్చిలే లేవు. భోజనాల హాలు వెనక పదిమంది మగవాళ్ళు వంటవాళ్ళకు ఉల్లిగడ్డలు తరిగి ఇస్తున్నారు. అంత శ్రద్ధగా వాళ్ళు ఇళ్ళల్లో ఎప్పుడూ తరిగి ఉండరు.

"ఏమప్పా నంజుండా" అని వాళ్ళలో ఒకడు పళ్ళు నూరాడు. "ఈ టార్చీలు పెనుకొండ సరుకంట కదా? ఎవురప్పా ఆ మహానుభావుడు? దొరికితే ఉల్లిగడ్డలతో పాటు తరుగుతాం."

నంజుండప్ప మెల్లగా మంటపంలోకి జారుకున్నాడు. వేదిక పక్కన శ్యామలమ్మ కనిపించింది. చిలకపచ్చ చీర, ఎర్రంచు. ఆమె చుట్టూ చేనేత ఇళ్ళ ఆడవాళ్ళు. మధ్యలో ఈరక్క చేతిలో టార్చి. చెల్లెలి కొంగు అందుకుంటోంది.

నంజుండప్ప పరుగెత్తాడు. పూలబుట్ట తన్నుకుని, ఇద్దరు పిల్లలను దాటి, అక్షింతల పళ్ళెం పడేసి, అక్కాచెల్లెళ్ళ మధ్య చేతులు చాపి నిలబడ్డాడు.

"వద్దు వదినా! ఆ టార్చికి స్విచ్చి చెడింది!"

"దీనికి స్విచ్చే లేదు మరిదీ, చెడేదానికి" అంది ఈరక్క. "ఇది వెండో రాగో చెప్పదు గానీ, లోహమో ప్లాస్టిక్కో కచ్చితంగా చెప్తాది. పక్కకు జరుగు."

పోగు ఆనించింది. నొక్కింది.

టార్చి వెలిగింది. ఈరక్క బొటనవేలి గోరు కూడా వెలిగిపోయింది.

నంజుండప్ప నోరు తెరుచుకుంది. అది తెరుచుకోకుండా ఉంటే ఎంత బాగుండేదో!

"ఇది కూడా చెడిపోయింది!" అని అరిచాడు. "ప్లాస్టిక్కుకు ఎట్ల వెలుగుతాది?"

మేళం అప్పుడే ఆగింది. ఆ మాట మంటపం చివరి కుర్చీ దాకా వినిపించింది. ఆడవాళ్ళందరూ నంజుండప్ప వైపు తిరిగారు. ఉల్లిగడ్డలు తరిగేవాళ్ళు కూడా కత్తులు పట్టుకునే తలుపు దగ్గరికొచ్చారు.

"ప్లాస్టిక్కని నీకెట్ల తెలుసయ్యా?" అని శ్యామలమ్మ చాలా మెత్తగా అడిగింది.

నంజుండప్ప పెళ్ళికొడుకు వైపు చూశాడు. పెళ్ళికొడుకు కూడా చూపు తిప్పుకున్నాడు. పాపం, అతనికీ అప్పుడే బతుకు అర్థమైనట్టుంది.

తాళి కట్టడం అయ్యాక, భోజనాల దగ్గర పక్కన కూర్చోబెట్టుకుని విషయం చెప్పింది శ్యామలమ్మ. ఆ కొత్త జరీ పది టార్చీల్లోనూ వెలగకుండా, పాత జరీ ఆ పదో టార్చిలోనే వెలిగినప్పుడే ఆమెకు అంతా తెలిసిపోయింది. టార్చీలు ఎవరివో తెలుసుకోవడానికి తిప్పేస్వామికి ఒక ఫోన్ సరిపోయింది. యమున చేత కొనిపించింది ఆమే. మూతలు లేని ఆ టార్చీలకు రబ్బరు బ్యాండ్లు వేసి, ధర్మవరంలో చీరలు కొనడానికొచ్చే ఆడవాళ్ళకు, పెళ్ళికొచ్చిన చుట్టాలకు "జరీ చూసే టార్చి" అని చెప్పి మూడు రోజుల్లో ఒక్కోటి వంద రూపాయలకు అమ్మింది. రెండు వందలూ పోయాయి. ఇంకా అడుగుతున్నారట.

"ఆ దుడ్లతో అదే రంగు చీర మగ్గం మీదనుంచి తీసుకున్నా. పద్దెనిమిది వేలు. వద్దన్నా వినకుండా మా అక్కకు దుడ్లు ఇచ్చే తీసుకున్నా. నీ ప్లాస్టిక్ చీర యమునకిస్తే నీ కొట్టుకు తెర కుడతాది. దూరం నుంచి చూస్తే తెలీదులే."

"మరి నాకు ముందే ఎందుకు చెప్పలే?"

"నువ్వు చెప్తావేమో అని మూడు రోజులు చూసినా. టార్చీలు తిప్పేస్వామి తీసుకోని పోయినాడన్నావు. కూర ఇంకో గరిటె వేసినా, గుర్తుందా? అప్పుడన్నా చెప్తావేమో అని."

నంజుండప్ప ఆకులోకి చూశాడు. పప్పు బాగుంది. వంకాయ బాగుంది. పక్కన కూర్చున్న మనిషి కూడా చాలా బాగుంది. నిజమైన జరీ వెలుగు ఆమె చెంప మీద పడుతోంది. చెప్పాలనిపించింది గానీ, ఈ రోజుకు నోరు తెరిచింది చాలనుకున్నాడు.

"ఏమి, అట్ల చూస్తాండావు?"

"ఏమీ లేదు."

"కాదులే, చెప్పు."

"నప్పింది" అన్నాడు.

శ్యామలమ్మ నవ్వింది. వడ్డించేవాడిని పిలిచి మొగుడి ఆకులో పాయసం పోయించింది. "తిను. ఇంతకీ టార్చీల్లో నీది ఎంత పోయింది?"

నంజుండప్ప వేళ్ళు ముడిచాడు. ఏడో తరగతి దాకా చదివిన లెక్క, ఈసారి ఎవరిదీ చూసి రాయకుండా తనే చేసుకున్నాడు. పద్నాలుగు వేలకు కొన్నాడు. పదహారు వందలకు కట్టుకున్న పెళ్ళానికే అమ్ముకున్నాడు. పోయింది సరిగ్గా పన్నెండు వేల నాలుగు వందల రూపాయలు.